బొగ్గు మీద జాజు

మొన్న మా అపార్ట్‌మెంట్ కింద, లిఫ్టు పక్క గోడకు నిలువెత్తు స్టిక్కరు అంటించారు. నాచారంలో ఇప్పుడు ప్రతి బిల్డింగుకూ ఇదే సోకు. దాని నిండా తీగలు, ఆకులు, పూలు, నడుమ రెండు పిట్టలు. కూరగాయల సంచి పట్టుకుని లిఫ్టు కోసం నిలబడ్డదాన్ని, ఊరికే ఉండలేక దాన్ని చూశాను. ఒక ఆకు గాల్లో వేలాడుతోంది. దానికి కాడ లేదు. పక్కనున్న తీగకు ఎక్కడా తగలదు. ఇంతలో అసోసియేషన్ సెక్రటరీ వచ్చాడు.

"ఎట్లుంది ఆంటీ? మస్తుగుంది గద!"

"ఈ ఆకు యాడికెల్లి పుట్టింది?" అన్నాను.

"ఏంది ఆంటీ?"

"ఆకు, ఆకు! యాడికెల్లి పుట్టింది? ఆకాశంకెల్లి ఊడిపడ్డదా?"

"డిజైన్ ఆంటీ. డిజైన్ల గట్లనే ఉంటది" అని నవ్వాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లిఫ్టు వచ్చి పోయింది, మళ్లీ వచ్చింది, నేను తిడుతూనే ఉన్నాను. వాచ్‌మన్ భార్య చీపురు ఆపి నన్నే చూస్తోంది. పైకి వెళ్లి చెప్తే మా ఆయన, "ఆఖరికి గోడ మీది స్టిక్కరుతో కూడా కొట్లాటేనా?" అన్నాడు. స్టిక్కరుతో నాకేం పని? ఆకు ఎక్కడ పుట్టిందన్న ఆ ప్రశ్న నాది కాదు, మా మేనత్తది. ఆమె గుర్తొస్తే నాకు ముందు కోపమే వస్తుంది. ఏడుపు రావడానికి ఆ కోపం సందివ్వదు.

అప్పటి ఉప్పల్‌లో ద్రాక్షతోటలు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నా మొహం చూసి నవ్వుతారు. ఉండేవి. మా ఇంటి వెనక నుంచి నడుచుకుంటూ పోతే పందిళ్లు పందిళ్లుగా తోటలే. మైలుతుత్తం, సున్నం కలిపి మందు కొట్టినప్పుడు ఆకులన్నీ నీలంగా అయ్యేవి, ఆ వాసన మా వంటింటి దాకా వచ్చేది. గాలి అటు నుంచి తిరిగితే నాచారం మందుల కంపెనీల కంపు. రెండూ కలిసిన రోజు అమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని రొట్టెలు చేసేది. మేం పిల్లలం కంచె దూరి పుల్లటి పచ్చికాయలు దొంగిలించి తినేవాళ్లం. నాలుక నీలంగా కనిపిస్తే చాలు, వీపు విమానం మోతే.

అత్తమ్మ ఆ తోటల్లో కూలికి పోయేది. మా బాపుకు చెల్లెలు, ఇంటికి ఒక్కతే ఆడబిడ్డ. నాచారం కంపెనీలో పనిచేసే ఆయనకిచ్చి చేశారు. పెళ్లయిన కొన్నేళ్లకే ఆయన కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. అత్తగారింటివాళ్లు ఆమె పెట్టెను ఆటోలో వేసి మా ఇంటి ముందు దించిపోయారు. అప్పటి నుంచి మా వెనకింట్లో ఉండేది. అందరికంటే ముందు లేచేది, అందరూ తిన్నాక తినేది. నోట్లో నాలుక లేని మనిషి అనేవాళ్లు. అది మెచ్చుకోవడం అనుకునేవాళ్లు మా ఇంట్లో.

కానీ ఆమె చేతిలో ఉన్నది ఎవరి దగ్గరా లేదు. ఈత పుల్ల కొస నమిలి కుంచె చేసుకునేది. జాజు అంటే ఎర్రమట్టి, దాన్ని నానబెట్టి, రాస్తే చేతికి అంటకుండా వేపబంక కలిపేది. ఆ తడి జాజు వాసన, పక్కన కొత్త సున్నం వాసన! ఇప్పుడు వేల రూపాయల రంగు డబ్బా తెరిచినా తలనొప్పి తప్ప ఏం రాదు. వంటింటి గోడ మీద, ధాన్యం గుమ్మి మీద, బర్రెల కొట్టం గోడ మీద కూడా ఆమె తీగలే. బర్రెలకు అంత మంచి గోడ ఉండేది ఉప్పల్‌లో మాకొక్కరికే.

తోట నుంచి వచ్చేటప్పుడు కొంగులో రాలిన పండ్లతో పాటు ఒక తీగ ముక్క కూడా తెచ్చేది. పండ్లు నాకిచ్చి, తీగ నా కళ్ల ముందు పెట్టేది.

"సూడు బిడ్డా. కణుపు కాడ ఆకు ఇటు పోయింది. దానికి ఎదురంగ నులితీగ అటు పోయింది. రెండూ ఒక్క దిక్కే గీస్తే అది ద్రాక్షతీగ గాదు."

"మరేంది?"

"నీ మొఖం."

నేను బలపంతో నేల మీద గీసేదాన్ని. ఆమె వంగి చూసి, ఒక ఆకు మీద వేలు పెట్టి, "ఇది యాడికెల్లి పుట్టింది?" అని అడిగేది. "పుట్టుక లేని ఆకు గీయొద్దు. సూసేటోళ్లకు తెల్వకున్నా గోడకు తెలుస్తది" అనేది. ఏమీ మాట్లాడదని పేరుపడిన మనిషి, తీగ పట్టుకుంటే పొద్దుగూకేదాకా మాట్లాడేది.

నేను హైస్కూలుకు వచ్చిన ఏడాది ఎండాకాలంలో అక్క పెళ్లి కుదిరింది. అక్క అంటే మా పెద్దబాపు కూతురు. వాళ్లూ మేమూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. పెళ్లికొడుకుది లాలాపేట్, రైల్వేలో నౌకరి. రైల్వే సంబంధమని పెద్దమ్మ నేల మీద నడవడం మానేసింది.

మా ఇంట్లో ఒక రివాజు ఉంది. పెళ్లికి ముందు గోడలకు సున్నం వేశాక, తలుపుకు రెండు పక్కలా జాజుతో తీగ గీయాలి. రెండు తీగలూ నేల నుంచి మొదలై, పైకి పాకి, దర్వాజ మీద కలవాలి. పెళ్లికూతురు ఆ తీగ కింది నుంచే బయటికి రావాలి. దాన్ని గీసే హక్కు ఇంటి ఆడబిడ్డది. గీసినందుకు ఆమెకు బొట్టు పెట్టి చీర పెడతారు. మొగుడు బతికున్న రోజుల్లో, ఇంటి పెళ్లికి అత్తమ్మే గీసింది. ఇప్పుడు ఆమె నుదుట బొట్టు లేదు.

సున్నం ఆరిన రోజు పొద్దున్నే నేనే జాజు తెచ్చి నానబెట్టాను. అత్తమ్మ సకినాలు చుడుతోంది. సారెలో పెట్టే సకినాలన్నీ ఆమె చుట్టినవే. పరిచిన ధోతి మీద, ఒక్క చోట తెగకుండా, చుట్టు మీద చుట్టు. పచ్చి పిండిలో నువ్వులు, వాము వాసన. చాటుగా నేను ఒక చుట్టు తీసి నోట్లో వేసుకున్నాను కూడా. అప్పుడు పెద్దమ్మ వచ్చి అక్కడే గడప మీద కూర్చుంది.

"ఓ పిల్లా, తీగ సంగతి ఏం జేద్దమంటవ్?"

అత్తమ్మ తలెత్తలేదు. "నువ్వెట్లంటే గట్లనే వదినా."

"నువ్వు జాజు ముట్టొద్దు. పెండ్లి గోడ. మగపిల్లవాడోళ్లు పట్టింపు మనుషులు. నువ్వు బొగ్గుతోని సన్నగ గీసియ్యి. దాని మీదకెల్లి జాజు నేను దిద్దుత. బొగ్గుకు దోషం లేదు."

బొగ్గుకు దోషం లేదట! ఏ శాస్త్రంలో ఉందో ఆ మాట! గీత కావాలి, గీసిన చెయ్యి వద్దు. నాకు అప్పుడే మండింది.

"సకినాలు గూడ అత్తమ్మనే చుట్టింది గద పెద్దమ్మా, వాటికి దోషం లేదా?" అన్నాను.

ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మ, నెత్తి మీద ఒక్కటి మొట్టింది. "పెద్దోళ్ల మాటల్ల నీకేం పనే!" అంది. అరుగు మీద పెద్దబాపు చుట్ట కాలుస్తున్నాడు, పక్కన బాపు కూర్చున్నాడు. ఇద్దరికీ ప్రతి మాటా వినబడింది. తోడబుట్టినవాళ్లు. ఒక్కడూ ఇటు తిరగలేదు.

"సరే వదినా" అని అత్తమ్మ పిండి చేతులు కడుక్కుని, పొయ్యిలోంచి బొగ్గు ఏరుకుంది.

ఆ రోజు గీసినట్టు ఆమె మళ్లీ ఎప్పుడూ గీయలేదు. కింద తీగ మొదలు, మోటుగా, బెరడు లేస్తున్నట్టు. అక్కడి నుంచి తీగ మెలిక తిరిగి పైకి పోయింది. ప్రతి కణుపు దగ్గరా ఆకు ఒక దిక్కు, నులితీగ ఇంకో దిక్కు. పురుగు కొట్టిన ఆకు కూడా ఒకటి పెట్టింది. తోటలో ఉంటుంది కాబట్టి గోడ మీదా ఉండాలంది. స్టూలెక్కి దర్వాజ మీద రెండు కొసలూ కలిపి దిగింది. వెంటనే పెద్దమ్మ జాజు గిన్నెతో ఎక్కింది. ఆమెకు కుంచె అలవాటు లేదు, గీత దొడ్డుగా పడుతోంది. బొగ్గు చెరిగిన చోట తోవ తెలియక ఆగిపోతోంది. అత్తమ్మ వెనకాల నిలబడి, గోడకు తగలకుండా వేలు చాచి, "ఆడ కణుపున్నది వదినా, జర ఆపు. ఇటు తిప్పు" అని చెప్తోంది. పొద్దంతా అలాగే. చివరికి పెద్దమ్మ నుదుటి చెమట తుడుచుకుని, "అబ్బ, నా నడుం పడిపోయింది" అంది. ఆడబిడ్డకు పెట్టాల్సిన చీర ఆమే కట్టుకుంది.

పెళ్లి రోజు లాలాపేట్ ఆడవాళ్లు బస్సు దిగి, గుమ్మం ముందే ఆగిపోయారు. పెళ్లికొడుకు తల్లి ఆకుల మీద చెయ్యి ఆనించి చూసింది.

"అమ్మో, ఎవలు గీసిన్రు గిది? తోటల నిలబడ్డట్టే ఉన్నది!"

"ఇంకెవలు వదినా, నేనే" అంది పెద్దమ్మ. "చిన్నప్పటి సంది అలవాటే నాకు."

సొమ్మొకడిది సోకొకడిది. నేను ఉరుక్కుంటూ వెనకింట్లోకి పోయాను. అక్కడ అత్తమ్మ పెద్ద గిన్నెతో అన్నం గంజి వారుస్తోంది. ముందు వాకిట్లో బాజాలు మోగుతున్నాయి, అక్క మెడలో పుస్తె పడుతోంది. ఎత్తుకుని పెంచిన పిల్ల పెళ్లి చూసే భాగ్యం కూడా లేదు ఆమెకు.

"పోయి అందరికి చెప్పొస్త, నువ్వే గీసినవని" అన్నాను.

ఆమె తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. "నోరు మూసుకో బిడ్డా. పెండ్లిల లొల్లి వద్దు. అది సల్లగుంటే సాలు."

నోరు మూసుకున్నాను. నోరు తెరిచింది పెద్దమ్మే.

వియ్యపురాలు పోతూ పోతూ, "మా ఇంట్ల దావతుకు నువ్వొచ్చి మా గోడకు గూడ గియ్యాలె వదినా" అని పట్టుబట్టింది. పొగడ్త మత్తులో పెద్దమ్మ సరేనంది. అక్కకు తోడుగా నేను లాలాపేట్‌లోనే ఉన్నాను కాబట్టి ఆ భాగోతం నా కళ్లతో చూశాను. గోడకు సున్నం వేసి ఉంచారు, జాజు కలిపి పెట్టారు, వాడకట్టు ఆడవాళ్లంతా చాప పరుచుకుని కూర్చున్నారు. కింద బొగ్గు గీత లేదు. పెద్దమ్మ కుంచె పట్టుకుని, ముందు చెయ్యి బెణికిందంది. తర్వాత జాజు పలుచగుందంది, గోడ గరుకుందంది. ఆడలేక మద్దెల ఓడు. చివరికి గీయక తప్పలేదు. ఆకులన్నీ ఒకే పక్కన వచ్చాయి, నులితీగలు కాళ్లలా కిందికి దిగాయి.

"గిదేంది వదినా, తీగనా, జెర్రినా?" అని ఒకామె అంది. చాప మీద అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వనూ!

వియ్యపురాలు మాత్రం నవ్వలేదు. "ఆడ గీసింది నువ్వేనా నిజంగ?"

చెయ్యి నొప్పని ఊరుకుంటే పోయేది. నలుగురిలో నవ్వులపాలైన ఉక్రోషం ఆమెను ఊరుకోనివ్వలేదు. "ఆడ బొగ్గుతోని గీసిచ్చినోళ్లున్నరు. ఈడ నేనొక్కదాన్నే. మనిషిని గట్ల పట్టుకుని నవ్వుతరా?" అంది.

"ఎవలు గీసిచ్చిన్రు?"

"మా ఆడబిడ్డ."

"ఏ ఆడబిడ్డ? వెనకింట్ల ఉంటదే, ఆమెనా?"

అప్పటికి పెద్దమ్మకు తను ఏమన్నదో అర్థమైంది. కానీ అనేసింది. వియ్యపురాలు లేచి నిలబడింది. "ముండమోసిన దాని గీత కిందికెల్లి నా కోడల్ని తోలిన్రా? తెలిసి తెలిసి? పైకెల్లి జాజు పూసి దాచిపెడ్తరా?" అని వాడకట్టంతా వినబడేట్టు అరిచింది. పెళ్లిచీరలో ఉన్న అక్క తలుపు పట్టుకుని ఏడుస్తోంది. పెళ్లికొడుకు, రైల్వే ఉద్యోగి, చదువుకున్నవాడు, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మగవాళ్లకు ఇలాంటప్పుడు గోడలు బాగా పనికొస్తాయి.

పెద్దబాపు పోయి చేతులు పట్టుకుని బతిమాలి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో సున్నం కలిపారు, తీగ మీద వేయడానికి. ఆ సున్నంలోకి నీళ్లు తెచ్చి పోసింది అత్తమ్మే. ఎవరూ చెప్పలేదు, తనే తెచ్చింది. వేపబంక కలిపిన జాజు మొండిది, ఒక పూతకు పోలేదు. ఇంకో పూత వేశారు. అయినా కొన్నాళ్లు ఆకులు లేత గులాబీ రంగులో కనిపిస్తూనే ఉన్నాయి. పెద్దమ్మ వాటిని చూసినప్పుడల్లా మెటికలు విరిచేది. అబద్ధం ఆడింది ఎవరు? నోరు జారింది ఎవరు? శాపనార్థాలు మాత్రం వెనకింటికి.

అంతటితో పోయినా బాగుండేది. వానాకాలం పోయాక అక్కకు నెల తప్పింది. నెలలు నిండకుండానే కడుపు పోయింది. నేను అమ్మతో దవాఖానాకు పోయాను. డాక్టరమ్మ మా ముందే చెప్పింది, పిల్లకు రక్తం లేదు, గింత బలహీనంగున్నదాంతోని బిందెలు ఎందుకు మోయిస్తున్నరు అని. లాలాపేట్‌లో నల్లా కింద, వాళ్ల ఇల్లు మెట్ల మీద. కోడలు వచ్చిన రోజు నుంచి నీళ్లన్నీ కోడలే మోసింది. ఆ మాట దవాఖానా గుమ్మం దాటలేదు. గుమ్మం బయట వియ్యపురాలు అన్న మాటే ఉప్పల్‌కు చేరింది. "చెప్పిన గద. ఆ చెయ్యి."

పెద్దమ్మ ఏడుస్తూ వచ్చి వెనకింటి ముందు కూలబడి, "నీ బొగ్గు నా బిడ్డ కడుపుల పడ్డది" అంది. బొగ్గుకు దోషం లేదన్న నోటితోనే అంది. ఆ తర్వాత అత్తమ్మ వంటింట్లో గీయలేదు, గుమ్మి మీద గీయలేదు, బర్రెల కొట్టం గోడకు కూడా గీయలేదు. ఎవరూ వద్దనలేదు. వద్దనాల్సిన పని కూడా లేకుండా చేశారు.

ఏళ్లు గడిచాయి. తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి. అత్తమ్మ కూలి పని మానేసి ఇంట్లోనే ఉంది. అక్కకు తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, గుండ్రాళ్లలాంటి పిల్లలు. వాళ్లకు నలుగు పెట్టి నీళ్లు పోసింది అత్తమ్మే. దానికి మాత్రం ఆ చెయ్యి పనికొచ్చింది.

తర్వాత నా పెళ్లి కుదిరింది. నేను ఇంట్లో గట్టిగా చెప్పాను. అత్తమ్మ తీగ గీయాలి, బొగ్గుతో కాదు, జాజుతో. ఆడబిడ్డ చీర ఆమెకే పెట్టాలి. లేకపోతే పీటల మీద కూర్చోను. పెద్దమ్మ గుండెలు బాదుకుంది. పెద్దబాపు మాటలు బంద్ చేశాడు. బాపు, "ఇంటి పరువు తీస్తున్నవే" అన్నాడు. అన్నం మానేసి కొట్లాడాను. పెళ్లికొడుకును అడిగితే, "నాకేం ఫికర్ లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను ఇన్నేళ్లుగా ఈయనతో సర్దుకుపోతున్నాను. చివరికి ఇల్లంతా దిగివచ్చింది. "నీ ఇష్టం, గీయించుకో" అన్నారు.

గెలిచానని ఎంత సంబరం నాకు! సున్నం ఆరిన గోడ ముందు పీట వేశాను. జాజు నానబెట్టి, బంక కలిపి, ఈత పుల్ల నేనే నమిలి, గిన్నె తీసుకుపోయి అత్తమ్మ ముందు పెట్టాను.

ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"వద్దు బిడ్డా. నీ కడుపు సల్లగుండాలె."

"ఎవలన్నరు? ఎవలన్నరో చెప్పు, ఇప్పుడే పోయి అడుగుత."

"ఎవలు అనుడేంది. సూసినం గద."

"ఏం సూసినవ్? అక్కతోని బిందెలు మోయించిన్రు! డాక్టరమ్మ చెప్పింది, నేను విన్న. అయినా అక్కకు ఇద్దరు పుట్టిన్రు గద, మంచిగ లేరా వాండ్లు?"

అత్తమ్మ నా మొహం వైపు చూసింది. తెలియని పిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"వాండ్లు కడుపుల ఉన్నప్పుడు నేనేం గీయలే గద బిడ్డా. గందుకే బతికిన్రు."

జాజు గిన్నె ఎత్తి వాకిట్లోకి విసిరికొట్టాను. వాకిలంతా ఎర్రగా అయింది. ఆమె లేచి చీపురూ నీళ్లూ తెచ్చి కడిగేసింది. నా పెళ్లి ఉత్త గోడ ముందు జరిగింది. వచ్చినవాళ్లంతా సున్నం మస్తు తెల్లగా పడిందని మెచ్చుకున్నారు.

పెద్దమ్మ పోయింది, పెద్దబాపు, బాపు పోయారు. రోడ్డు వెడల్పులో ఆ ఇల్లు పోయింది. అత్తమ్మ కూడా పోయింది, ఆమె చేతి గీత ఒక్కటంటే ఒక్కటి ఎక్కడా లేదు. చచ్చినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దంటారు. నేను పెట్టుకున్నాను, పెట్టుకునే ఉంటాను. అత్తమ్మ బతికున్నన్నాళ్లూ, ఆ బిడ్డ పోయింది నీ చేతివల్ల కాదని ఆమెను కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. నేను చెప్పాను. పోయేదాకా చెప్తూనే ఉన్నాను. ఆమె నా మాట నమ్మలేదు.